పేగుల వ్యాధి – పాండురోగం: భక్తులు తెలుసుకోదగిన విషయాలు

చరకసంహిత చికిత్సాస్థానంలో పదునాలుగవ అధ్యాయం అర్శస్సులను గురించినది. అవి మనం మొలలు అని పిలిచేవి. పదునైదవది గ్రహణీ చికిత్స. పదునారవది పాండురోగ చికిత్స. నెత్తురు పోయే వ్యాధి, తిన్న అన్నాన్ని నిలిపి పచనం చేయవలసిన చోటు చెడిపోయే వ్యాధి, ఆ తరువాత మనిషి వన్నె తప్పి పాలిపోయే వ్యాధి – మూడూ వరుసగా ఉన్నాయి. ఆ క్రమానికి ఆచార్యుని ఉద్దేశం ఏదైనా కానీ, నేటి వైద్యులు పేగుల వాపు వ్యాధిని గురించి చెప్పేటప్పుడు దాదాపు ఈ మెట్ల మీదుగానే నడుస్తారు. పేగులో పుండు, పుండు నుండి రక్తస్రావం, పచన శోషణలకు లోపం, చివరకు రక్తహీనత.

ఈ రచయిత వైద్యుడు కాడు. సంస్కృత వ్యాకరణమూ ధర్మశాస్త్రమూ పాఠం చెప్పి విశ్రాంతి తీసుకొన్నవాడను. బషీర్‌బాగులో నివాసం ఏర్పరచుకొని నాలుగు దశాబ్దాలు దాటింది. గాంధీ వైద్య కళాశాల ముషీరాబాదుకు తరలిపోక పూర్వం మా పేటలోనే ఉండేది. అక్కడి అధ్యాపకులు కొందరు సాయంకాలం నా వద్ద సంస్కృతం చదువుకొనేవారు. వారివలన నాకు వైద్యశాస్త్రం పట్ల జిజ్ఞాస కలిగింది. మా మేనకోడలికి పెద్దపేగు పూత వ్యాధి వచ్చి పదకొండేళ్ళయింది. ఆమె వెంట ఆసుపత్రులకు వెళ్ళి, అడిగి, చదివి, తెలుసుకొన్నదాన్ని ఇక్కడ మనవి చేస్తున్నాను. దేవాలయానికి వచ్చేవారిలో ఉపవాసాలు చేసేవారు, దీక్షలు పట్టేవారు, మ్రొక్కులు చెల్లించేవారు చాలామంది. వారిలో ఈ వ్యాధి ఉన్నవారూ ఉంటారు. వారికి ఈ విషయం తెలియకపోతే భక్తితో చేసిన పనే ప్రాణం మీదికి రావచ్చును. అందుకే ఈ వ్యాసం.

వ్యాధి స్వరూపం

పేగుల వాపు వ్యాధి అన్న పేరు కింద ప్రధానంగా రెండు వ్యాధులు ఉన్నాయి. మొదటిది అల్సరేటివ్ కొలైటిస్. ఇది పెద్దపేగు లోపలి పొరకు మాత్రమే వస్తుంది. పురీషనాళం వద్ద మొదలై పైకి పాకుతుంది. విరేచనాలలో రక్తం, జిగురు పడతాయి. రెండవది క్రోన్స్ వ్యాధి. 1932లో న్యూయార్కు వైద్యుడు బరిల్ క్రోన్ తన సహచరులతో కలిసి దీనిని వర్ణించినందున ఆ పేరు వచ్చింది. ఇది నోటినుండి మలద్వారం వరకు ఎక్కడైనా రావచ్చును. చిన్నపేగు చివరి భాగంలో ఎక్కువ. పేగు గోడ మందమంతా వాచి, ఒక్కొక్కప్పుడు దారి ఇరుకవుతుంది.

శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ తన పేగు మీదనే తిరగబడటం వలన ఈ వ్యాధులు వస్తాయి. ఇవి అంటువ్యాధులు కావు. పూర్వజన్మ పాపమని రోగిని నిందించడం తగదు. ఇవి పట్టణవాసుల వ్యాధులని ఒకప్పుడు అనుకొనేవారు. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు తెలంగాణ పల్లెలకు వెళ్ళి పరిశీలించగా అక్కడ కూడా ఈ వ్యాధులు కనిపించాయి. మన దేశంలో మరొక చిక్కు ఉన్నది. పేగులకు వచ్చే క్షయవ్యాధి అచ్చం క్రోన్స్ వ్యాధి లాగానే కనిపిస్తుంది. రెండింటికీ చికిత్సలు వేరు. ఒకదానికిచ్చే మందు రెండవదాన్ని ముదరబెట్టవచ్చును. కనుక నిర్ధారణ నిపుణుల చేతిలోనే జరగవలె.

రక్తం పడగానే “మొలలే” అని తేల్చుకోవడం మన ఇళ్ళలో పరిపాటి. మా మేనకోడలి విషయంలోనూ మొదటి రెండేళ్ళు అదే జరిగింది. ఆ పిల్ల సిగ్గుపడి ఇంట్లో పూర్తిగా చెప్పలేదు; చెప్పినంతవరకు విన్న పెద్దలు కారం తగ్గించమన్నారు. చివరకు కొలనోస్కోపీ చేసినప్పుడు గాని అసలు వ్యాధి బయటపడలేదు. అప్పటికి ఆమె పెదవులు తెల్లబడ్డాయి. హిమోగ్లోబిన్ 8 గ్రాములు.

రక్తం తగ్గడానికి నాలుగు దారులు

పేగుల వాపు వ్యాధి పేగుకు వెలుపల తెచ్చే ఇబ్బందులలో రక్తహీనత అన్నిటికంటె తరచుగా కనిపించేది. అధ్యయనాన్ని బట్టి అంకెలు మారుతున్నా, ఈ రోగులలో సుమారు మూడవ వంతు మందికి ఏదో ఒక దశలో ఇది ఉంటుందని వైద్యగ్రంథాలు చెబుతాయి. దానికి దారులు నాలుగు.

మొదటి దారి రక్తస్రావం. దీనిని లెక్క వేసి చూస్తే విషయం స్పష్టపడుతుంది. మన శరీరంలో ఉండే ఇనుము మొత్తం మూడు నాలుగు గ్రాములు మాత్రమే. ఆహారం నుండి రోజుకు లోపలికి చేరేది ఒకటి రెండు మిల్లీగ్రాములు. ఒక మిల్లీలీటరు రక్తంలో దాదాపు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. రోజుకు రెండు చిన్న చెంచాల రక్తం, అంటే పది మిల్లీలీటర్లు, మలంతో పోతున్నదనుకొందాం. ఐదు మిల్లీగ్రాముల ఇనుము పోయినట్లే. రాబడి రెండు, ఖర్చు ఐదు. ఏ గృహస్థుకైనా ఈ పద్దు ఎక్కడికి దారి తీస్తుందో తెలుసు. ఏడాది తిరిగేసరికి దాచుకొన్న నిల్వ తరిగిపోతుంది. రెండు చెంచాల రక్తం కంటికి కనిపించకుండా కూడా పోగలదన్నది గుర్తుంచుకోవలె.

రెండవ దారి మరింత సూక్ష్మమైనది. శరీరంలో వాపు ఉన్నంతకాలం కాలేయం హెప్సిడిన్ అనే పదార్థాన్ని అధికంగా తయారు చేస్తుంది. ఇది ఇనుముకు ద్వారపాలకుని వంటిది. సూక్ష్మజీవులకు కూడా ఇనుము కావలె కనుక, జబ్బు చేసినప్పుడు వాటికి అందకుండా ఇనుమును కొట్లలో పెట్టి తాళం వేయడం దీని పని. కొద్దిరోజుల జ్వరంలో ఇది మేలే. ఏళ్ళ తరబడి వాపు ఉన్నప్పుడు ఆ తాళం తీయబడదు. పేగులోనికి వచ్చిన ఇనుము రక్తంలోనికి దాటదు. లోపల ఉన్న ఇనుము మూలుగకు అందదు. ఎర్ర రక్తకణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు. పాతవి రాలిపోతుంటాయి, కొత్తవాటికి ముడిసరుకు రాదు. ధాన్యం గాదెలో ఉండగా ఇంట్లోవారు పస్తులున్నట్లు అవుతుంది. ఈ హెప్సిడిన్ సంగతి శాస్త్రజ్ఞులకు తెలిసినది 2000 ప్రాంతంలోనే.

మూడవ దారి శోషణ లోపం. బి12 విటమిను చిన్నపేగు చివరి భాగంలోనే శోషింపబడుతుంది. క్రోన్స్ వ్యాధి తరచు అక్కడే వస్తుంది; శస్త్రచికిత్సలో ఆ భాగాన్ని తీసివేసిన వారూ ఉంటారు. శాకాహారులకు బి12 లభించేది పాలు, పెరుగు మొదలైన వాటినుండే. పాలు పడటం లేదని మానివేసిన శాకాహారికి, చిన్నపేగు చివర కూడా చెడి ఉంటే, లోపం రెట్టింపవుతుంది. ఫోలిక్ ఆమ్లం అనే మరొక విటమిను చిన్నపేగు పైభాగంలో శోషింపబడుతుంది; అదీ తగ్గవచ్చును.

నాలుగవ దారి మందులు. సల్ఫాసలజీన్, మెథోట్రెక్సేట్ అనేవి ఫోలిక్ ఆమ్లానికి అడ్డు తగులుతాయి. అజాథయోప్రిన్ కొందరిలో మూలుగ పనిని మందగింపజేస్తుంది. ఇందువలన ఆ మందులు చెడ్డవని అర్థం కాదు. అవి వాడేవారికి క్రమం తప్పక రక్తపరీక్షలు ఎందుకు చేయిస్తారో తెలుసుకోవడానికి ఇది చెప్పాను.

భీమవరం వాసి, ఫోలిక్ ఆమ్లం

ఈ ఫోలిక్ ఆమ్లం పేరు వచ్చినప్పుడు తెలుగువారు స్మరించవలసిన మహనీయుడు యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. ఆయన సోదరులిద్దరు స్వల్ప వ్యవధిలో స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. స్ప్రూ చిన్నపేగుకు వచ్చే వ్యాధి. పేగుల వాపు వ్యాధికి భిన్నమైనదే అయినా ఫలితాలలో దగ్గర చుట్టం. ఎడతెగని విరేచనాలు, చిక్కిపోవడం, రక్తం క్షీణించడం దాని లక్షణాలు. సుబ్బారావుగారికి కూడా ఆ వ్యాధి వచ్చింది. మద్రాసులో ఆయుర్వేద విద్వాంసులు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో కోలుకొన్నారని ఆయన జీవితగాథలు చెబుతాయి. తరువాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం బోధించి, అమెరికా వెళ్ళారు. హార్వర్డులో పరిశోధనలు చేసి, 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన నాయకత్వంలోని బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేయగలిగింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది ఔషధమైంది. అన్నదమ్ములను బలిగొన్న వ్యాధికి విరుగుడు ఆయన ప్రయోగశాల నుండే వచ్చిందన్నమాట. 1948లో ఆయన పరమపదించారు.

ఇందులో మరొక విశేషం ఉన్నది. ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే మందులను కూడా ఆ బృందమే తయారు చేసింది. మెథోట్రెక్సేట్ ఆ వంశానికి చెందినదే. నేడు క్రోన్స్ వ్యాధికి మెథోట్రెక్సేట్ ఇచ్చే వైద్యుడు దానితోబాటు ఫోలిక్ ఆమ్లం కూడా వ్రాస్తాడు. మందూ, దాని దోషానికి విరుగుడూ ఒకే ఇంటి నుండి వచ్చాయి.

ఈ కథకు హైదరాబాదుతో కూడా సంబంధం కలదు. ఫోలిక్ ఆమ్లం పేరైనా పుట్టక ముందు, ఇంగ్లండు వైద్యురాలు లూసీ విల్స్ బొంబాయిలో గర్భిణులైన మిల్లు కార్మికుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంతో అది నయమవుతుందని 1931లో ప్రకటించారు. ఆమె పరిశోధనలో కొంత భాగం కూనూరులో జరిగింది. అప్పట్లో అక్కడ పోషకాహార పరిశోధనలకు అధిపతి రాబర్ట్ మెకారిసన్. ఆయన 1918లో నెలకొల్పిన ఆ పోషకాహార పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. నేడు తార్నాకలో ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కనున్న జాతీయ పోషకాహార సంస్థ అదే.

గుర్తించడం ఎట్లా?

చరకాచార్యుడు పాండురోగికి చెప్పిన లక్షణాలలో చెవుల హోరు, దౌర్బల్యం, అన్నద్వేషం, తల తిరగడం, ఆయాసం, పిక్కల నొప్పి ఉన్నాయి. నేటి వైద్యుడు అడిగే ప్రశ్నలూ ఇవే. నౌబత్ పహాడ్ మీది బిర్లా మందిరానికి నిరుడు ఒక్క ఊపున ఎక్కినవారు ఈ ఏడు రెండు చోట్ల కూర్చోవలసి వస్తే, వయసు మీద నెట్టివేయక ఒకసారి రక్తం చూపించుకోవలె.

పాండురోగ కారణాలలో మట్టి తినడాన్ని కూడా ఆచార్యుడు లెక్కించాడు. బలపాలు, పచ్చిబియ్యం, మట్టి, మంచుగడ్డలు తినాలన్న కోరిక ఇనుము లోపానికి లక్షణమని నేటి వైద్యం చెబుతున్నది. ప్రాచీనులు కారణమన్నదాన్ని నవీనులు కార్యమంటున్నారు. ఆ రెండూ ఒక్క మనిషిలో కలిసి ఉంటాయని గమనించడంలో ఇద్దరికీ భేదం లేదు. ఇంట్లో ఎవరైనా బియ్యం బుక్కుతుంటే తిట్టడానికి ముందు పరీక్ష చేయించండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం హిమోగ్లోబిన్ పురుషులలో 13 గ్రాములకు, స్త్రీలలో 12 గ్రాములకు, గర్భిణులలో 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత. మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపింది. ఇంత సర్వసాధారణం కావడమే ప్రమాదం. “ఆడవాళ్ళకు రక్తం తక్కువ ఉండటం మామూలే” అని కారణం వెదకరు. పురుషునికి ఇనుము తగ్గితే మాత్రం ఎక్కడో రక్తం పోతున్నదని వైద్యులు తప్పక వెదకుతారు. స్త్రీకి కూడా పొట్టనొప్పి, విరేచనాలు, బరువు తగ్గడం తోడై ఉంటే అదే న్యాయం వర్తించవలె.

హిమోగ్లోబిన్ ఒక్కటే చాలదు. ఇనుము నిల్వను తెలిపే పరీక్ష ఫెర్రిటిన్. వాపు లేని మనిషిలో అది 30 కంటె తక్కువైతే ఇనుము లోపమని నిర్ణయిస్తారు. పేగు వాపు ఉన్నవారిలో ఒక మోసం ఉన్నది: వాపు వలననే ఫెర్రిటిన్ అంకె పెరిగి కనిపిస్తుంది. అందుచేత వ్యాధి రగులుతున్న సమయంలో 100 వరకు ఉన్నా ఇనుము లోపం ఉండవచ్చును. దీనిని తేల్చడానికి వాపును తెలిపే సి.ఆర్.పి. పరీక్షనూ, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ అనే పరీక్షనూ కలిపి చూస్తారు. బి12, ఫోలిక్ ఆమ్లం కూడా చూస్తారు. “ఫెర్రిటిన్ 60 ఉన్నది, బాగానే ఉన్నది” అని కాగితం చూచి మనమే తీర్పు చెప్పుకోరాదు. వ్యాధి అణగి ఉన్నవారు ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి, రగులుతున్నవారు మూడు నెలలకొకసారి ఈ పరీక్షలు చేయించుకోవడం మంచిదని నిపుణుల సలహా.

చికిత్స

మొదట చేయవలసినది పేగు వాపును అణచడం. గండి పూడ్చకుండా చెరువు నింపలేము. దానితోబాటు ఇనుమును భర్తీ చేయవలె.

వ్యాధి అణగి ఉండి రక్తహీనత స్వల్పంగా ఉంటే మాత్రలు చాలును. ఎక్కువ మోతాదు వేసుకొంటే త్వరగా రక్తం పడుతుందనుకోవడం పొరపాటు. శోషింపబడని ఇనుము పేగులోనే ఉండిపోయి నొప్పి, విరేచనాలు, మలబద్ధకం తెస్తుంది. ఈ రోగులకు రోజుకు 100 మిల్లీగ్రాముల ఇనుము మించవద్దని నిపుణులు అంటారు. టీ, కాఫీలు ఇనుమును అడ్డుకొంటాయి. మాత్రకూ వాటికీ నడుమ గంటకు తగ్గని ఎడం ఉండవలె. నిమ్మ, ఉసిరి, జామ వంటివి తోడ్పడతాయి. ఇనుప మాత్రలు వేసుకొన్నప్పుడు మలం నల్లగా రావడం సహజం. కాని తారు లాగా జిగటగా, దుర్వాసనతో ఉంటే అది రక్తస్రావం కావచ్చును; ఆలస్యం చేయరాదు. ఈ మాత్రలను చిన్నపిల్లలకు అందకుండా దాచండి. పసివారు మిఠాయి అనుకొని మింగితే ప్రాణాపాయం.

హిమోగ్లోబిన్ 10 గ్రాములకు తక్కువగా ఉన్నవారికి, వ్యాధి రగులుతున్నవారికి, మాత్రలు పడనివారికి సిర ద్వారా సెలైనులో ఇనుము ఎక్కిస్తారు. హెప్సిడిన్ కాపలా ఉన్న పేగు ద్వారాన్ని తప్పించి వేరొక వాకిట ప్రవేశించడమన్నమాట. పూర్వపు మందుల వలన కలిగిన తీవ్ర ప్రతిక్రియల జ్ఞాపకం వలన దీనికి భయపడేవారు ఇప్పటికీ ఉన్నారు. నేటి మందులు చాలావరకు సురక్షితం. అయినా ఆసుపత్రిలో, వైద్యుల కనుసన్నలలోనే జరగవలె. బి12 లోపానికి సూదిమందు ఇస్తారు. చిన్నపేగు చివరి భాగం తీసివేసినవారికి అది జీవితాంతం అవసరం కావచ్చును.

ఆహారంతోనే సరిపెట్టుకోవచ్చునా అని చాలామంది అడుగుతారు. తోటకూర, నువ్వులు, సజ్జలు, పప్పుధాన్యాలు మంచివే. ఇనుప మూకుట్లో వండటం కూడా కొంత ఉపకరిస్తుంది. కాని పైన వేసిన పద్దును గుర్తు చేసుకోండి. తరిగిపోయిన గ్రాము ఇనుమును రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల చొప్పున బెల్లం ముక్కతో పూడ్చలేము. పేగు ఇరుకైనవారికి పీచు ఎక్కువైన ఆకుకూరలు, గింజలు అడ్డుపడవచ్చును కూడా.

ఆయుర్వేదంలో పాండురోగానికి లోహమే ఔషధం. చరకుడు చెప్పిన నవాయస చూర్ణంలో తొమ్మిది ద్రవ్యాలకు సమానంగా ఇనుము కలుపుతారు. ఆ శాస్త్రం పట్ల నాకు గౌరవం కలదు. అందుకే చెబుతున్నాను: పేరు లేని పొట్లంలో అమ్మే భస్మాలను కొనకండి. అర్హుడైన వైద్యుని వద్దకే వెళ్ళి, మీరు వాడే ఇతర మందుల చీటీ ఆయనకు చూపండి. ఇవతలి వైద్యునికి కూడా చెప్పండి. ఇద్దరిలో ఎవరి వద్దనూ దాపరికం తగదు.

ఉపవాసం, దీక్ష, ప్రసాదం

ఇప్పుడు నా శాస్త్రానికి సంబంధించిన భాగానికి వస్తాను. నా శిష్యుడొకడు అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవాడు. ఒక కార్తికంలో మండల దీక్ష పట్టి, దీక్షలో మందులు మైల అని తనకు తానే నిశ్చయించుకొని అన్నీ మానివేశాడు. ఏకభుక్తం, చన్నీటి స్నానం, నేలమీద శయనం. మూడు వారాలకు రక్త విరేచనాలు మొదలయ్యాయి. స్వామి పరీక్షిస్తున్నాడని భరించాడు. నలభై రోజులు కాకుండానే నడవలేని స్థితిలో అతని భార్య ఆసుపత్రిలో చేర్పించి నాకు కబురు పంపింది. హిమోగ్లోబిన్ 7.4. నేను వెళ్ళగానే అతడు అడిగిన మొదటి ప్రశ్న, “గురువుగారూ, వ్రతభంగం అయింది కదా, ప్రాయశ్చిత్తం ఏమిటి?” అని.

“నాయనా, ఔషధం వలన వ్రతభంగం లేదు. నీళ్ళు, పండ్లు, పాలు మొదలుగా వ్రతాన్ని చెరపని ఎనిమిదింటిని ధర్మశాస్త్రకారులు లెక్కించారు. ఔషధం అందులో ఉన్నది, గురువు మాట కూడా ఉన్నది. కనుక నా మాటగా మందు వేసుకో,” అన్నాను. అతని కళ్ళ నీళ్ళు తిరిగాయి. వైద్యులు వాపును అణచి, ఇనుము రెండుసార్లు సెలైనులో ఎక్కించారు. రెండు నెలలకు హిమోగ్లోబిన్ 12 దాటింది. మరుసటి ఏడు అతడు మందులు వేసుకొంటూనే, వైద్యుని అనుమతితో, తేలికైన నియమాలతో దీక్ష పూర్తి చేశాడు.

రోగికి, బాలునికి, వృద్ధునికి, గర్భిణికి ఉపవాస నియమాలలో సడలింపు శాస్త్రసమ్మతం. అశక్తుడు పూర్ణోపవాసానికి బదులు నక్తమో, ఫలాహారమో, అదీ కుదరకపోతే జపమో దానమో చేయవచ్చును. భార్య లేక పుత్రుడు ప్రతినిధిగా వ్రతం చేయడానికి కూడా అనుమతి ఉన్నది. ఇది భక్తికి తగ్గింపు కాదు. విధి ఎవరి శక్తిని బట్టి వారికి ఏర్పడింది. శక్తి లేనివాడు శక్తుని విధిని నెత్తిన వేసుకోవడం శాస్త్రం కోరలేదు.

మందు గొట్టాల పైతొడుగు జంతు సంబంధమైన జెలటిన్‌తో చేస్తారని తెలిసి శాకాహారులు కొందరు మానివేస్తారు. మానవలసిన పని లేదు. అదే మందు బిళ్ళ రూపంలోనో, శాకాహార తొడుగుతోనో దొరుకుతుందేమో వైద్యుని అడగండి. ప్రసాదం విషయంలో కూడా సంకోచం వద్దు. వ్యాధి రగులుతున్నప్పుడు పులిహోరలోని కారం, పులుపు, పొంగలిలోని మిరియాలు పడకపోతే, ఒక్క మెతుకు కళ్ళకద్దుకొని నోట వేసుకొని, మిగిలినది పక్కవారికి పంచండి. ప్రసాదానికి పరిమాణంతో పని లేదు. క్యూలో నిలబడలేనివారు సిబ్బందికి చెప్పి కూర్చొనండి. మరుగుదొడ్డి ఎక్కడ ఉన్నదో లోపలికి వచ్చేముందే అడిగి తెలుసుకోండి. ఈ వ్యాధి ఉన్నవారికి దర్శనం కంటె ముందు వచ్చే ఆందోళన అదే. అడగడంలో లజ్జ అక్కరలేదు.

దాతలకు మనవి

రక్తదానం మహాదానం. ఒక్కసారి ఇచ్చే 350 మిల్లీలీటర్ల రక్తంతో దాత సుమారు 175 మిల్లీగ్రాముల ఇనుమును కూడా దానం చేస్తున్నాడు. అందుకే దాతకు హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గరాదన్న నియమం పెట్టారు. శిబిరంలో “మీ రక్తం తక్కువగా ఉన్నది” అని తిప్పి పంపితే చిన్నబుచ్చుకోకండి. ఆ మాట మీకు దక్కిన ప్రసాదమనుకొని, కారణం కనుక్కోవడానికి ఆ వారంలోనే వైద్యుని వద్దకు వెళ్ళండి. పేగుల వాపు వ్యాధి ఉన్నవారు రక్తదానానికి పూనుకోకుండా వేరొక సేవను ఎంచుకోవడం ఉచితం.

ధనదాతలకు ఒక మాట. పుట్టినరోజుకో పెద్దల తిథికో అన్నదానం చేయించేవారు, ఆ సంకల్పంలో కొంత భాగాన్ని ఒక పేద రోగి రక్తపరీక్షలకో, ఇనుము ఎక్కించడానికో కేటాయించవచ్చును. అన్నం తిన్నా ఒంటబట్టని మనిషికి అన్నాన్ని ఒంటబట్టించడం కూడా అన్నదానంలో భాగమేనని నా అభిప్రాయం.

ఇంట్లో ఎవరికైనా నాలుగు వారాలకు మించి విరేచనాలు ఉంటే, మలంలో రక్తం కనిపిస్తే, కారణం లేకుండా బరువు తగ్గుతుంటే, ముఖం పాలిపోతుంటే – ఇంటి దేవునికి దీపం పెట్టి, ఆ రోజే వైద్యుని వద్దకు బయలుదేరండి. దీపమూ వద్దు అనను, వైద్యుడూ వద్దు అనను. రెండవది రేపటికి వాయిదా వేయవద్దని మాత్రమే నా ప్రార్థన.

స్వస్తి.